తాకని వైద్యం: టెలిమెడిసిన్ చెప్పే దూరం, మనకు తెలిసిన దూరం

టెలిమెడిసిన్ గురించి ప్రభుత్వాలూ, కార్పొరేట్ ఆసుపత్రులూ, అంతర్జాతీయ సంస్థలూ రాసిన ఏ కాగితం తిరగేసినా మొదటి పేజీల్లోనే ఒక మాట ఎదురవుతుంది. ఆ మాట 'దూరం'. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం నిలబడిందే దాని మీద. డాక్టరు ఒకచోట, రోగి ఇంకోచోట ఉండి మధ్యలో దూరం అడ్డమైనప్పుడు సమాచార సాంకేతికత ద్వారా అందించే వైద్యం టెలిమెడిసిన్. 2020 మార్చి 25న భారత ప్రభుత్వం విడుదల చేసిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు కూడా ఈ నిర్వచనాన్నే తలకెత్తుకున్నాయి. బాగానే ఉంది. అయితే ఏ దూరం? ఎవరికి ఎవరు దూరం? ఆ దూరం పెట్టింది ఎవరు? ఆ కాగితాలు వేసుకోని ఈ ప్రశ్నలనే మేము ఈ వ్యాసంలో వేయదలుచుకున్నాం.

దూరం సంగతి తెలియాలంటే జనగామ, మానుకోట, భూపాలపల్లి చూడాలె. 2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లాను విడగొట్టినప్పుడు ఏర్పడ్డ జిల్లాలివి. జనగామ హైదరాబాద్–వరంగల్ రహదారి మీద, సికింద్రాబాద్–కాజీపేట రైలు మార్గం మీద ఉన్నది. మానుకోట అని జనం పిలుచుకునే మహబూబాబాద్ కాజీపేట–విజయవాడ లైను మీద ఉన్నది. ఆ జిల్లా జనాభాలో మూడో వంతుకు పైగా లంబాడీలు, కోయలు తదితర గిరిజనులే. భూపాలపల్లి సింగరేణి బొగ్గు తవ్వి, చెల్పూరులో కరెంటు తయారుచేసి రాష్ట్రానికి పంపే జిల్లా. ఆ ఊరికి మాత్రం ప్రయాణికుల రైలు లేదు. గోదావరి ఒడ్డున అడవిలో ఉన్న పలిమెల మండలం కూడా ఆ జిల్లాలోనిదే.

కిలోమీటర్ల లెక్క ఒక్కటే లెక్కయితే జనగామ మనిషికి వైద్యం దగ్గరగానూ, పలిమెల మనిషికి దూరంగానూ ఉండాలె. కొంతవరకు నిజమే. కానీ దేవరుప్పుల మండలంలో ఒక మాదిగవాడ నుంచి బయలుదేరే కూలి మనిషి లెక్క వేరు. 2024-25లో తెలంగాణలో ఉపాధి హామీ రోజు కూలి 300 రూపాయలు. రోగి వెంట ఒకరు తోడు పోతే ఇద్దరి కూలి పాయె. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం. అది చిన్న సంగతేమీ కాదు. కానీ బస్సు రాని తండా నుంచి రోడ్డు దాకా ఆటో కిరాయి ఎవరిస్తరు? ఇది పైసల దూరం. ఇది కాక దవాఖాన గడప దాటి లోపలికి పోయినంక మొదలయ్యే దూరం ఒకటుంది. మా ఇండ్లల్లో విశ్వవిద్యాలయం మెట్లెక్కిన మొదటి తరం వాళ్లం మేము. మా చిన్నతనంలో మందుబిళ్లలను మా అరచేతిలో పెట్టకుండా ఎత్తు నుంచి రాల్చిన చేతులు మాకు యాదికున్నయి. మీటరు కూడా లేని ఆ దూరాన్ని ఏ ఉపగ్రహం కొలుస్తుంది?

థర్మామీటరు నడిచిన దారి

డాక్టర్ అంబేద్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఒక ఘటనను నమోదు చేశారు. కాఠియవాడ్‌లో బడిపంతులుగా పనిచేస్తున్న ఒక అంటరాని కులస్తుడు రాసిన ఉత్తరం అది. 1929 డిసెంబర్ 12న గాంధీ 'యంగ్ ఇండియా'లో అచ్చయింది. పంతులు భార్య బిడ్డను కన్నది. రెండు రోజులకు జబ్బుపడ్డది. ఊపిరి ఆడటం కష్టమైంది. డాక్టరు వాడలోకి రానన్నాడు, వాడలో చూడనన్నాడు. ఊరి పెద్దను పట్టుకుని బతిమాలి, రెండు రూపాయల ఫీజుకు ఆయన పూచీ ఇప్పించి, బాలింతను వాడ బయటికి మోసుకొస్తే అప్పుడు వచ్చాడు. తన థర్మామీటరును ఒక ముస్లిం చేతికిచ్చాడు. ఆయన భర్తకిచ్చాడు. భర్త భార్యకు పెట్టాడు. మళ్లీ అదే దారిలో అది డాక్టరు చేతికి చేరింది. దీపం వెలుగులో చూసి న్యుమోనియా అన్నాడు. మందు పంపించాడు. ఆ తర్వాత మళ్లీ చూడటానికి ఒప్పుకోలేదు. ఆమె చనిపోయింది.

ఈ ఘటనను అంటరానితనపు క్రూరత్వానికి ఉదాహరణగా చాలామంది చెప్పారు. మేము దీన్ని వైద్యానికి సంబంధించిన పాఠంగా కూడా చదవాలంటున్నాం. అక్కడ డాక్టరు ఉన్నాడు. పరికరం ఉంది. జబ్బు పేరు చెప్పాడు. మందు కూడా వచ్చింది. మన ఆరోగ్యశాఖ లెక్కల ప్రకారం చూస్తే ఒక 'కన్సల్టేషన్' సంపూర్ణంగా జరిగింది! లేనిదల్లా ఛాతీ మీద పెట్టే చెయ్యి, తెల్లారి మళ్లీ వచ్చి చూసే బాధ్యత. తెర లేకుండా, తీగ లేకుండా నడిచిన టెలిమెడిసిన్ అది.

ఇవాళ తెర ముందు కూర్చునే డాక్టర్లందరూ కాఠియవాడ్ డాక్టర్లేనని మేమనటం లేదు. మేమనేది ఇది: నాడు తాకకుండా వైద్యం చేయటానికి డాక్టరు మధ్యలో మనుషుల గొలుసు కట్టుకోవాల్సి వచ్చింది. ఆ గొలుసు సిగ్గుమాలినదని ఉత్తరం రాసిన పంతులుకు తెలుసు, చదివిన వాళ్లకూ తెలిసింది. ఇవాళ ఆ గొలుసు వ్యవస్థలోనే అమరి ఉంది. తాకకపోవటానికి ఎవరూ ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కర లేదు. మార్గదర్శకాలు వచ్చిన రోజే దేశం లాక్‌డౌన్‌లోకి పోయింది. ఆ రోజుల్లో 'సామాజిక దూరం' అనే మాటను ఎంత సులువుగా వాడారో గుర్తుచేసుకోండి. రోగం అంటకుండా మనుషులు ఎడంగా ఉండాలని చెప్పటానికి వేరే మాటే దొరకలేదు. తరతరాలుగా సామాజిక దూరంలో బతికిన వాళ్లకు ఆ మాట ఎట్లా వినిపిస్తుందని ఎవరూ ఆలోచించలేదు.

తీగ ఎవరి చేతిలో ఉంది?

తెలుగు నేల మీద టెలిమెడిసిన్ కథ చిత్తూరు జిల్లా అరగొండతో మొదలవుతుంది. 2000 మార్చి 24న అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ హైదరాబాద్ వచ్చినప్పుడు ఆ ఊళ్లోని అపోలో టెలిమెడిసిన్ కేంద్రాన్ని ప్రారంభించాడు. 'విజన్ 2020' వెలువడిన మరుసటి ఏడాది అది. అరగొండ అపోలో అధిపతి ప్రతాప్ సి. రెడ్డి సొంతూరు. సొంతూరికి మేలు చేసుకోవటాన్ని మేం తప్పుపట్టం. కానీ ఒక ప్రజావసరం ఏ ఊళ్లో తీరాలన్నది ఆసుపత్రి అధిపతి పుట్టుకను బట్టి తేలితే, అటువంటి అధిపతి పుట్టే అవకాశమే లేని వెలివాడల సంగతేమిటి?

తర్వాత 2005లో 108, 2007లో 104 వచ్చాయి. ఆపదలో వచ్చే అంబులెన్సు ఒకటి, ఫోనులో సలహా చెప్పే కేంద్రం ఒకటి. 104 పేరుతోనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి మూడు కిలోమీటర్లకు మించిన ఊళ్లకు నెలకొకసారి బండి కూడా వచ్చేది. బీపీకి, షుగరుకు మందులిచ్చేది. ఊళ్లల్ల ముసలోళ్లు 'నూటనాలుగు బండి' కోసం తారీఖు లెక్కపెట్టుకుని కూసునేది. ఈ సేవలను మొదలుపెట్టిన సంస్థల వెనక ఉన్నది సత్యం రామలింగరాజు. 2009 జనవరి 7న ఆయన కంపెనీ లెక్కల్లో మోసం చేసినట్టు తానే ఒప్పుకున్నాడు. ఆ దెబ్బకు ఆ సేవల యాజమాన్యాలు చేతులు మారాయి. తెలంగాణలో 2022 నాటికి 104 బండ్లు ఆగిపోయాయి. బండి ఎందుకు వచ్చిందో మమ్మల్ని అడగలేదు, ఎందుకు పోయిందో మాకు చెప్పలేదు.

ఇది మన ఒక్కరి అనుభవం కాదు. ఆఫ్రికాలోని రువాండాలో లండన్ కంపెనీ బాబిలాన్ 2016లో ఫోను వైద్యం మొదలుపెట్టింది. ఇరవై లక్షల మందికి పైగా నమోదయ్యారు. 2020లో అక్కడి ప్రభుత్వం పదేళ్ల ఒప్పందం చేసుకుంది. అభివృద్ధి చెందుతున్న దేశాలకు ఇదే నమూనా అని ప్రపంచమంతా చాటారు. 2023లో ఆ కంపెనీ దివాలా తీసింది. రువాండాలో సేవ మూతపడింది. పేదల వైద్యాన్ని ఎక్కడో ఉన్న షేరు ధరకు కట్టేస్తే ఏమవుతుందో హైదరాబాద్‌లో 2009లోనే తెలిసిపోయింది. ఆ పాఠం వినేవాళ్లు లేకపోయారు.

కాగితాన్ని కాగితంగా చదివితే

మార్గదర్శకాలు చెడ్డవని మేం చెప్పటం లేదు. అందులో మంచి మాటలున్నాయి. శరీర పరీక్ష తప్పనిసరైన చోట, ఎదురుగా కూర్చోబెట్టి చూసే ఏర్పాటు జరిగేదాకా డాక్టరు ముందుకు పోకూడదని ఉంది. ఆపద సమయంలో ప్రథమ చికిత్స చెప్పి వెంటనే దవాఖానకు పంపాలని ఉంది. రోగి తానే ఫోను చేస్తే సమ్మతి ఇచ్చినట్టే లెక్క. ఆరోగ్య కార్యకర్త మొదలుపెడితే మాత్రం రోగి సమ్మతిని స్పష్టంగా తీసుకోవాలని ఉంది. కృత్రిమ మేధ నేరుగా మందు రాయకూడదని కూడా ఉంది.

కానీ ఈ మంచి మాటలన్నీ ఒక నమ్మకం మీద నిలబడ్డాయి. తెర చాలదని తేలితే పోవటానికి ఇంకో చోటు ఉంటుందన్న నమ్మకం అది. కొత్తగూడ అడవిలో కోయ ఆడమనిషికి 'ఇది ఎదురుగా చూడాల్సిన కేసు' అని తెర మీద డాక్టరు చెప్పాడనుకుందాం. ఆ మాట ఆమెకు వైద్యమా, తీర్పా? ఆమె కోయ భాషలో చెప్పిన నొప్పిని, లంబాడీ ముసలమ్మ తన గోర్‌బోలిలో చెప్పిన ఆయాసాన్ని తెలుగులోకి ఎవరు తెస్తున్నారు? సమ్మతి ఎవరు, ఏ భాషలో అడుగుతున్నారు? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో తెలంగాణలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్లు నూటికి 27 మందికి మించలేదు. ఇక రోగి తానే ఫోను చేసి సమ్మతి ఇవ్వటం ఎవరి ఇంట్లో జరిగే పని?

ఆ కాగితంలో మమ్మల్ని ఆపిన మాట ఇంకొకటి ఉంది. 'ఆర్ఎంపీ'. మార్గదర్శకాల భాషలో ఆర్ఎంపీ అంటే రిజిస్టర్ అయిన డాక్టరు, అంటే చట్టం గుర్తించినవాడు. మా ఊళ్లల్ల ఆరెంపీ అంటే సరిగ్గా దానికి తలకిందులు. ఏ రిజిస్టర్‌లోనూ లేకుండా సంచీ తగిలించుకుని మోటారు సైకిలు మీద వచ్చే మనిషి. ఒకే మూడక్షరాలు ఢిల్లీలో ఒకటి, మొగుళ్లపల్లిలో ఇంకొకటి. ఈ ఆరెంపీని మేం సమర్థించటం లేదు. అవసరం లేని సూదులు, సెలైన్లు, స్టెరాయిడ్లు జనం ఒంట్లోకి ఎక్కించి చేసిన నష్టం తక్కువేం కాదు. కానీ ఆయన దగ్గరికి జనం ఎందుకు పోతున్నరు? తెలివి లేకనా? ఆయన రాత్రి పూట పిలిస్తే వస్తాడు. వాడలోకి వస్తాడు. మంచం మీద కూసుంటడు. చెయ్యి పట్టి చూస్తడు. ఉద్దెర పెడతడు. పత్తి అమ్మినంక ఇస్తమంటే సరే అంటడు. చట్టం గుర్తించిన ఆర్ఎంపీ ఈ అయిదింటిలో ఒక్కటి కూడా చేయకపోవటమే చట్టం గుర్తించని ఆరెంపీకి బతుకుదెరువు. టెలిమెడిసిన్ ఆరెంపీల బెడదను తొలగిస్తుందని చెప్పేవాళ్లు ఈ విషయం ఆలోచించాలె.

ఇక అంకెల సంగతి. కేంద్రం నడిపే ఇ-సంజీవని 2019 నవంబర్‌లో మొదలైంది. 2023 ఫిబ్రవరిలో అది పది కోట్ల కన్సల్టేషన్లు దాటిందని ప్రకటించారు. అందులో మూడు కోట్లకు పైగా ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే జరిగాయి; తెలంగాణలో దాదాపు 46 లక్షలు. వాడుకున్నవాళ్లలో సగానికి పైగా స్త్రీలేనన్నారు. ఇది తోసిపారేసే విషయం కాదు. కానీ ఈ లెక్క కాల్స్ లెక్క, నయమైన మనుషుల లెక్క కాదు. రాసిన మందు పల్లె దవాఖానలో ఎంతమందికి దొరికింది? పై దవాఖానకు పొమ్మన్నవాళ్లలో ఎంతమంది పోగలిగారు? స్త్రీలెందరో, వృద్ధులెందరో చెప్పిన ఆ ప్రకటనలో కులం లెక్క లేదు. లెక్కించనిది లేనిదైపోతుంది.

చెయ్యి ఎవరిది, ఫీజు ఎవరిది?

తెర మీద డాక్టరు చూస్తాడు. మరి తాకేదెవరు? బీపీ పట్టీ చుట్టేది, వేలు పొడిచి రక్తం చుక్క తీసేది, పుండు కడిగేది, గర్భిణి పొట్ట తడిమి చెప్పేది ఎవరు? ఆశా, ఏఎన్ఎం, పల్లె దవాఖాన నర్సు. ఈ ఆడవాళ్లలో చాలామంది మన కులాల నుంచి వచ్చినవాళ్లే. ఇందులో కొత్తేముంది? ఊళ్లో కాన్పు చేసి బొడ్డు కోసిన మంత్రసాని ఏ కులాల నుంచి వచ్చేది? మైల పని ఆమెది, ఇన్ని గింజలు, ఒక పాత చీర ఆమెది. శాస్త్రం మాత్రం పైవాళ్లది. చూపుకు ఒక విలువ, స్పర్శకు ఒక విలువ కట్టిన సమాజం ఇది. టెలిమెడిసిన్ ఈ పని విభజనను పుట్టించలేదు. కానీ దాన్ని చెరపటానికి బదులు ఖాయం చేస్తున్నది. డాక్టరు సమయానికి జీతముంది. ఆ సమయం సాధ్యం కావటానికి రోగిని వెతికి, ఒప్పించి, తోలుకొచ్చి, మాట తర్జుమా చేసి, మళ్లీ ఇంటికి పోయి మందు మింగిందో లేదో చూసే ఆశా పేరుకు 'వాలంటీరు'. ఆమెకు వచ్చేది పారితోషికం. 2023లో తెలంగాణ ఆశాలు నెలకు 18 వేల స్థిర వేతనం అడుగుతూ సమ్మెకు దిగింది ఇందుకే. టెలిమెడిసిన్ మీద వ్యాసాలు రాసేవాళ్లు ఆ సమ్మెను వేరే విషయమనుకున్నారు. మా దృష్టిలో అదీ ఇదీ ఒకటే విషయం.

రెండు వాదనలు

మాకు ఎదురయ్యే వాదనలు రెండు. ఒకటి, తెరకు కులం లేదు అనేది. ఎదురుగా కూర్చుంటే చీదరించుకునే డాక్టరు తెర మీద మర్యాదగా మాట్లాడొచ్చు కదా, అది మనకు మేలే కదా అంటారు. మాట్లాడొచ్చు. అట్లా మర్యాద దొరికిన మనిషి సంతోషాన్ని మేం కాదనం. కానీ కులం ఆ ఒక్క నిమిషంలో లేదు. తెర ముందుకు ఎవరు వస్తారు, తెర అవసరం లేకుండా కారెక్కి హైదరాబాద్ ఎవరు పోతారు అన్నదాంట్లో ఉంది. ఊరి దొర కొడుకుకు గుండెనొప్పి వస్తే తెర ముందు కూర్చోబెట్టరు. ఒకే దేశంలో ఉన్నవాళ్లకు డాక్టరు, లేనివాళ్లకు డాక్టరు బొమ్మ అనే రెండంచెల వైద్యం స్థిరపడితే, తెరకు కులం లేదనే మాటకు అర్థమేముంది?

రెండోది వామపక్ష మిత్రుల వాదన. టెలిమెడిసిన్ అంతా కార్పొరేట్ల, ప్రపంచబ్యాంకు కుట్ర, దాన్ని తిప్పికొట్టాలంటారు. 1993లో ప్రపంచబ్యాంకు ఆరోగ్యం మీద ఇచ్చిన నివేదిక ప్రైవేటు వైద్యానికి తలుపులు తెరవమన్న మాట నిజం. కానీ ఈ మిత్రులు మళ్లీ తెచ్చుకుందామంటున్న పాత ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మాకు స్వర్గమేమీ కాదు. ముప్పై వేల మందికి ఒకటి, గిరిజన ప్రాంతాల్లో ఇరవై వేలకు ఒకటి అని లెక్క రాసుకున్నారు బాగానే. కానీ దాన్ని ఊరి ఏ దిక్కున కట్టారు, డాక్టరు ఎవరి ఇంట్లో కిరాయికున్నాడు, ఎవరి వాడకు పోలేదు అన్నది ఆ లెక్కలో లేదు. కులాన్ని పక్కనపెట్టి ప్రజారోగ్యం గురించి మాట్లాడినంత కాలం అది కొందరు ప్రజల ఆరోగ్యమే అవుతుంది. క్షయకు మందు వాడుతున్న మనిషికి నెలనెలా ఒకరోజు కూలి మిగిల్చే తెరను మేం ఎందుకు పగలగొట్టుకుంటాం?

తెర పనికొచ్చే పద్ధతి ఒకటి మన దగ్గరే ఉంది. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్ల గ్రామీణ కేంద్రాల్లో ముందు స్థానికంగా శిక్షణ పొందిన టెక్నీషియన్ రోగిని ఎదురుగా కూర్చోబెట్టి పరికరంతో కన్ను చూస్తారు. అవసరమైతేనే తెర మీద డాక్టరు వస్తారు. శస్త్రచికిత్స కావాలంటే పంపటానికి పై ఆసుపత్రి ఉంటుంది. చెయ్యి ముందు, తెర తర్వాత. ఆ వరుస తలకిందులైన చోట తెర డాక్టరుకు సహాయం కాదు, డాక్టరు లేకపోవటానికి సాకు.

మేం అడిగేది

1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లును సమర్థిస్తూ అంబేద్కర్ ఆ భారంలో పెద్ద భాగం ప్రభుత్వమే మోయాలన్నారు. తల్లి ఆరోగ్యం ఆమె సొంత గొడవ కాదు, జాతి ప్రయోజనమన్నది ఆయన వాదన. మేం అక్కడి నుంచే అడుగుతున్నాం.

తెర మీద చూసిన ప్రతి రోగిని ఎదురుగా ఎప్పుడు, ఎవరు చూస్తారో ఆ చీటీ మీదనే రాయాలె. పై దవాఖానకు పొమ్మంటే పోయేందుకు బండి, తోడు పోయినవాళ్లకు కూలి ప్రభుత్వమే ఇయ్యాలె. చెయ్యి వేసే ఆశాకు, ఏఎన్ఎంకు కార్మికులుగా వేతనం ఇయ్యాలె. గోర్‌బోలి, కోయ తెలిసిన మనుషులను పల్లె దవాఖానల్లో ఉద్యోగులుగా పెట్టాలె. కాల్స్ లెక్క కాదు, కులం వారీగా, వాడల వారీగా నయమైన లెక్క బయటపెట్టాలె.

చివరిగా ఒక మాట. మహబూబాబాద్‌లో 2022లో, జనగామలో, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో ఎస్సీ వర్గీకరణ అమలులోకి వచ్చింది. మూడు దశాబ్దాలు కొట్లాడి తెచ్చుకున్నది అది. ఈ మూడు ఊళ్లల్ల మాదిగ, మాల, ఉపకులాల పిల్లలు, తండా పిల్లలు తెల్లకోటు వేసుకునే రోజులివి. వాళ్ల చదువు పూర్తయ్యేసరికి వాళ్లను కూడా హైదరాబాద్‌లో ఏదో ఒక తెర వెనక కూర్చోబెట్టి, తమ వాడను తామే బొమ్మలో చూసుకోమంటారా? లేక పలిమెలలో, కొత్తగూడలో, దేవరుప్పులలో ఉండి వైద్యం చేయటానికి ఇల్లు, జీతం, పరికరాలు, పైకెదిగే దారి ఇస్తారా? టెలిమెడిసిన్ దూరాన్ని తగ్గిస్తుందో, దూరాన్ని పద్ధతిగా నిలబెడుతుందో తేలేది ఈ ప్రశ్నకు వచ్చే జవాబుతోనే. ఈ పత్రిక చదివే వైద్య విద్యార్థులు దీని మీద రాయాలని, మాతో విభేదించేవాళ్లు కూడా రాయాలని కోరుతున్నాం.